కడపలో ఇంగ్లిష్ సాహిత్యం చదివిన రెండేళ్లు: నా అనుభవం

పదో తరగతి అయిపోగానే కడపలో చాలా ఇళ్లల్లో వినిపించే ప్రశ్న ఒక్కటే: ఎంపీసీనా, బైపీసీనా? నేను మాత్రం సీబీఎస్‌ఈలోనే హ్యుమానిటీస్ తీసుకుంటానని, అందులోనూ ఎక్కువమంది తీసుకునే ఇంగ్లిష్ కోర్ కాకుండా, సాహిత్యం మీద నడిచే ఇంగ్లిష్ ఎలెక్టివ్ చదువుతానని పట్టుబట్టాను. "ఇంగ్లిష్ బాగా మాట్లాడేదానికా?" అన్నాడు మామ. కాదు మామా, కవిత్వం, కథలు, నాటకాలు చదివేదానికి అన్నాను. నాన్న ఏమీ అనకుండా ఫీజు కట్టేశాడు.

స్కూల్లో ఆ సబ్జెక్టుకు విడిగా టీచర్ లేరు. పన్నెండో తరగతి పుస్తకం 'కెలైడోస్కోప్' ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. చెప్పేవాళ్లే కావాలి. మా వీధిలో ఉండే రిటైర్డ్ లెక్చరర్ సార్‌ను అడిగితే, సాయంత్రాలు రమ్మన్నారు.

సార్ గైడు ముట్టనిచ్చేవారు కాదు. ముందు పద్యం పైకి చదవాలి. షేక్‌స్పియర్ మీద ఇంగ్లిష్ కవి మిల్టన్ 1630లో రాసిన పద్యం తీసి, "తెలుగులో గణవిభజన చేసినావు కదా పాపా, దీనికీ చెయ్" అన్నారు. పదహారు పాదాలు. మనకు పలకడానికి పట్టే కాలాన్ని బట్టి లఘువు, గురువు. ఇంగ్లిష్‌లో అలా కాదు, గొంతు ఎక్కడ ఒత్తి పలుకుతుందన్నదే లెక్క. తేలికగా ఒక అక్షరం, ఒత్తి ఒకటి, అలా పాదానికి ఐదు జంటలు. ప్రాస మనకు రెండో అక్షరం, వాళ్లకు పాదం చివర. పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటూ పోతే ఐదో పాదంలో ఆ నడక మారింది. అక్కడ కవి షేక్‌స్పియర్‌ను నేరుగా పిలుస్తాడు, ఒత్తు మొదటి మాట మీదే పడుతుంది. ఎందుకు మారిందో నాకు నేనుగా కనిపెట్టిన రోజు రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఐరిష్ కవి యేట్స్ హంసల పద్యమైతే ఇప్పటికీ నా ప్రాణం. ఐర్లాండ్‌లోని కూల్ పార్కు చెరువులో 59 హంసలున్నాయంటాడు. అవి జంటలు జంటలుగా ఈదుతున్నాయనీ అంటాడు. 59 బేసి సంఖ్య. మరి ఒక హంసకు జోడీ లేనట్టే కదా సార్ అన్నాను. "ఏ లైను చూసి అంటున్నావో చూపించి రాయి" అన్నారు. ఈ సబ్జెక్టులో అసలు పని అదే. కవి ఒంటరితనం గురించి పేజీలు నింపొచ్చు, కానీ ఆ ఒక్క అంకె చూపించిన జవాబుకే బలం.

ఇంగ్లిష్ రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ గోడ మీది మచ్చ గురించి రాసింది మాత్రం చాలా కష్టపెట్టింది. కథ ఉండదు, ఆలోచన ఎటు పోతే మనమూ అటు పోవాలి. చివరికి ఆ మచ్చ నత్త అని తేలుతుంది. ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని దాన్ని మళ్లీ మళ్లీ చదివాను.

గిరీశ్ కర్నాడ్ నాటకం మన ఇళ్లల్లోనూ మాట్లాడుకోవలసిన విషయం. ఒక కన్నడ రచయిత్రికి ఇంగ్లిష్ నవలతో పెద్ద పేరొస్తుంది. టీవీ తెర మీద ఆమె బొమ్మే ఆమెను నిలదీస్తుంది. సొంత భాష వదిలి ఇంగ్లిష్‌లో ఎందుకు రాశావన్న ప్రశ్న మీద సార్‌తో గంటలు గంటలు వాదించాను.

బోర్డు పరీక్ష 80 మార్కులకు, మిగతా 20 ఇంటర్నల్స్. టెన్షన్ ఉన్నా చెయ్యి ఆగలేదు, ప్రతి జవాబులోనూ పాఠంలోని మాట ఒకటైనా చూపించాను. ఇప్పుడు డిగ్రీలో ఇంగ్లిష్ ఆనర్స్ కోసం సీయూఈటీకి, అంటే యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్షకు చదువుతున్నాను. అందులో నాలుగింటిలో ఒకటి గుర్తించడమే తప్ప రాసే పని ఉండదు. అందుకే పొద్దున పాత పేపర్లు చేసుకుని, సాయంత్రం మాత్రం సార్ దగ్గరికి వెళ్తున్నాను. ఇంగ్లిష్ కవి కోల్‌రిడ్జ్‌ను మొదలుపెట్టాం.