ఆ ఓడలో వాళ్లకు కనబడలేదా?

ఓడ మీద సెకండ్ ఆఫీసర్ వాచ్, అంటే సముద్రాన్ని గమనిస్తూ ఓడ నడిపే డ్యూటీ, పన్నెండు నుంచి నాలుగు. పగలు ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి. కంటైనర్ ఓడల మీద ఆరేళ్లు ఆ వాచ్ చేశాను. సముద్రంలో చిక్కుకున్న ఒంటరి మనిషి సినిమా ‘ఆల్ ఈజ్ లాస్ట్’ గురించి ఎవరు ఏమి రాసినా వదలకుండా చదవడం అందువల్లే అలవాటైంది. 2025 సెప్టెంబరులో అందులో నటించిన రాబర్ట్ రెడ్‌ఫర్డ్ మరణవార్త వచ్చినప్పుడు సెలవు మీద విశాఖలో ఉన్నాను. ఆ రాత్రే అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని సినిమా మళ్లీ చూశాను.

హిందూ మహాసముద్రంలో ఒంటరిగా వెళుతున్న వృద్ధుడు నిద్ర లేచేసరికి పడవలోకి నీళ్లు వస్తుంటాయి. ఏదో ఓడ మీంచి జారిపడిన కంటైనర్ మూల తగిలి పడవ పక్క చిల్లుపడింది. మొదట్లో వినబడే ఉత్తరాన్ని పక్కన పెడితే, 106 నిమిషాల్లో అతను మాట్లాడేది చాలా తక్కువ. దర్శకుడు జె.సి. చాండర్ రాసుకున్న స్క్రిప్టు 31 పేజీలే. ఆ వృద్ధుడికి పేరు కూడా లేదు. “ఈయన పేరేమిటి?” అని అమ్మ రెండుసార్లు అడిగింది.

2013లో కాన్ చిత్రోత్సవంలో ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. న్యూయార్క్ విమర్శకుల బృందం రెడ్‌ఫర్డ్‌ను ఆ ఏటి ఉత్తమ నటుడిగా ఎంచుకుంది. ఆస్కార్‌లో మాత్రం సౌండ్ ఎడిటింగ్‌కు ఒక్క నామినేషన్ వచ్చింది. డెబ్బై అయిదు దాటిన వయసులో అంత నీళ్లలో నానిన మనిషికి ఆ జాబితాలో చోటు దొరకలేదంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

తెరచాప పడవలు నడిపేవాళ్లు ఈ సినిమాను గట్టిగా విమర్శించారు. సముద్రం దాటే పడవలో ఈపర్బ్ ఎందుకు లేదు? నీళ్లు తగలగానే ఉపగ్రహానికి సంకేతం పంపే ఆ చిన్న పెట్టె ఉంటే కథ అక్కడే ముగిసేది. రేడియోలో ప్రమాదం చెప్పేటప్పుడు అనాల్సిన ‘మేడే’ అనకుండా ‘ఎస్ఓఎస్’ అంటాడు, ఎక్కడున్నాడో చెప్పడు. ఇవన్నీ నిజమైన తప్పులే, నేనూ కాదనను. కానీ ఆ విమర్శకులు అతని చేతులను చూశారా? చిల్లు మీద గుడ్డ పరిచి జిగురు పూయడం, పంపుకు పిడి లేకపోతే కర్ర చెక్కి చేసుకోవడం, సూర్యుణ్ణి, నక్షత్రాలను చూసి ఎక్కడున్నామో లెక్కగట్టే సెక్స్టెంట్‌ను, ఎప్పుడూ వాడనిదాన్ని, పెట్టెలోంచి తీసి పుస్తకం చూసి నేర్చుకోవడం. కంగారు పడకుండా ఒక పని తర్వాత ఇంకొక పని. ఇంజిన్ గదిలో నీళ్లు చేరిన రాత్రి మా చీఫ్ ఇంజనీరు చేతులు సరిగ్గా అలాగే కదిలాయి. నటనలో అది పట్టుకోవడం చాలా కష్టం.

పడవ మునిగాక లైఫ్ రాఫ్ట్‌లో, అంటే గాలి నింపిన రబ్బరు తెప్పలో, ఉన్న అతని పక్కనుంచే పెద్ద కంటైనర్ ఓడలు వెళ్లిపోతాయి. అతను ఫ్లేర్లు, అంటే సాయం కోరే మంట సంకేతాలు, వెలిగిస్తాడు, ఓడలు ఆగవు. మనిషిని పట్టించుకోని ప్రపంచ వ్యాపారానికి అది ప్రతీక అని కొందరు విమర్శకులు రాశారు. నాకు అక్కడ ప్రతీక ఏదీ కనబడదు. రబ్బరు రాఫ్ట్ రాడార్‌లో దాదాపు పడదు, అలలుంటే అసలే పడదు. ముందు పేర్చిన కంటైనర్ల వల్ల బ్రిడ్జి, అంటే ఓడ నడిపే గది, నుంచి 500 మీటర్ల వరకు సముద్రం కనబడకపోవచ్చు, నిబంధనలే అంతవరకు అనుమతిస్తాయి. చేతి ఫ్లేరు ఒక్క నిమిషం వెలుగుతుంది. ఆ నిమిషంలో వాచ్‌లో ఉన్నవాడు చార్టు మీదికి వంగి ఉంటే అంతే.

“ఆ ఓడలో వాళ్లకు కనబడలేదా?” అంది అమ్మ. ఇదంతా వివరించాను. బల్ల మీద పళ్లెం పెట్టి, గ్లాసులు వరసగా పేర్చి, ఎక్కడివరకు కనబడదో చూపించాను. ఆమె శ్రద్ధగా విన్నది.

“నువ్వు కూడా ఎవరినైనా అలా దాటి వచ్చేశావేమో కదరా?”

తెలియదమ్మా అన్నాను. ఆమె గ్లాసులు ఒక్కొక్కటే తీసి లోపలికి పట్టుకెళ్లింది.