బజ్జీల మూకుడూ, మినుకుమనే క్వేజార్లూ

మన స్కూలు బ్యాచ్ మళ్లీ కలుసుకునే సభ కమిటీ నుంచి మూడోసారి ఫోన్. "ఒక్క పేజీ రాయరా, సైన్సు దంచకు" అని లీడర్ ఆర్డర్. 80 బ్యాచ్‌లో ఇంకా వాడి మాటే చెల్లుతోందన్నమాట. సరే. బడి గంట మాయమైన సంగతి మాత్రం నేను రాయను, మాయం చేసినవాళ్లే రాసుకోవాలి.

తొమ్మిదో తరగతి నాకు ఒక్క ముక్క గుర్తులేదు. పదిలో గుర్తున్నదీ ఒక్క సాయంత్రమే. ట్యూషన్ అయ్యాక మనం బారోమీటర్ అని పిలుచుకునే సారు అందరినీ నారాయణగూడలో బజ్జీల బండి దగ్గర నిలబెట్టి, "మూకుడు మీదికెళ్లి అవతలికి చూడుర్రి, ఏం కనబడ్తుంది?" అన్నారు. మనకు బజ్జీలే కనబడ్డాయి. సారు వేలు పెట్టి చూపిస్తే అప్పుడు తెలిసింది, దూరంగా మేడ మీది చిన్న బల్బు ఆ వేడిగాలిలోంచి గిలగిలా కొట్టుకుంటోంది, దాని పక్కనే మందుల షాపు పెద్ద గ్లోబు దీపం నిలకడగా ఉంది. "చుక్క మినుకుమంటది, గ్రహం మినుకుమనది. ఎందుకో రేపు చెప్పాలె." రేపు ఎవరూ చెప్పలేదు. పరాఠాగాడు మాత్రం "నూనె మంచిది కాదు సార్" అన్నాడు. బజ్జీల డబ్బులు సారే ఇచ్చారు.

జవాబు ఇదీ: చుక్కంత దీపం వెలుగును కదిలే గాలి మొత్తంగా ఊపేస్తుంది, వెడల్పు దీపంలో ఒక్కోచోటి ఊగులాట ఒకదాన్నొకటి సర్దేస్తుంది. ఆ జవాబు మీదే నేను ముప్పయ్యేళ్లు జీతం తీసుకుని రిటైరయ్యాను. సూర్యుడి నుంచి విద్యుదావేశ కణాల గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది, మామూలుగా సెకనుకు 400 కిలోమీటర్లు, ఒక్కోసారి 800 దాకా. అదీ మూకుడు మీది గాలిలాంటిదే, ఒకచోట చిక్కన, ఒకచోట పల్చన, పెద్ద సుడులు చీలి చిన్న సుడులు. దాని వెనక ఎక్కడో ఉన్న క్వేజార్, అంటే ఎంతో దూరాన చుక్కలా కనబడే గెలాక్సీ నడిబొడ్డు, మన చిన్న బల్బు. రేడియోలో చూస్తే సెకను సెకనుకూ మినుకుమంటుంది. ఆకాశంలో వెడల్పుగా పరుచుకున్న రేడియో గెలాక్సీ (రేడియో తరంగాలు జోరుగా పంపే గెలాక్సీ) గ్లోబు దీపం, అది కదలదు. 1964లో కేంబ్రిడ్జిలో ఖగోళ శాస్త్రవేత్త ఆంటనీ హ్యూయిష్ వాళ్లు బయటపెట్టింది ఇదే. (ఈ మినుకుల కోసం కట్టిన యాంటెన్నాలోనే 1967లో ఆయన విద్యార్థిని జోసెలిన్ బెల్‌కు పల్సార్, అంటే గిర్రున తిరుగుతూ రేడియో తళుకులు పంపే నక్షత్రం, దొరికింది, అది వేరే కథ, లీడర్ తిడతాడు.) మినుకు ఎంత జోరుగా ఉంది, ఎంత గబగబా మారుతోంది అని లెక్కగడితే గాలి వేగమూ, అందులోని అల్లకల్లోలమూ ఇక్కడ కూర్చునే తెలుస్తాయి.

నేను కూర్చున్నది ఊటీలో. 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు రేడియో టెలిస్కోపు. ఆ చోటి అక్షాంశం 11 డిగ్రీలు, రేడియో ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ గారు సరిగ్గా అంతే వాలున్న కొండను వెతికి మరీ కట్టించారు. దాంతో దాని ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా పడింది, ఒక్కవైపు తిప్పుకుంటూ పోతే తొమ్మిదిన్నర గంటలు ఒకే క్వేజార్‌ను వెంబడించొచ్చు. ఆకాశంలో క్వేజార్ సూర్యుడికి దగ్గరగా కనబడేకొద్దీ మినుకు పెరిగి, మరీ దగ్గరైతే మళ్లీ తగ్గిపోతుంది. ఆ గ్రాఫులు కొన్నింటి మీద నా పేరుంది. చివరి నుంచి రెండోదే అనుకోండి, అయినా ఉంది.

స్టేజీ మీద స్లైడ్లు వేయొద్దన్నారు, వేయను. భోజనాల దగ్గర ఒక బజ్జీల బండి పెట్టించండి చాలు. దాని అవతల, కాస్త దూరంగా, ఒక చిన్న బల్బు వేలాడదీయండి.