జీడిపప్పు లెక్క మళ్లీ రెండింతలు: పర్లాకిమిడి నుంచి ఎగుమతి టూల్ సంగతులు

మళ్లీ రెండింతలే! భారత్ నుంచి ఏడాదిలో పోయిన జీడిపప్పు (కోడు 080132) ఎంత అని అడిగితే, దేశాల ఎగుమతి-దిగుమతి లెక్కలుంచే ఐక్యరాజ్యసమితి కామ్‌ట్రేడ్ సైటులో కనిపించే మొత్తానికి సరిగ్గా 2.00 రెట్లు చెప్పింది ఏజెంటు, అంటే నేను రాసిన టూల్‌తో ఆ సైటు నుంచి లెక్కలు తెచ్చి జవాబు చెప్పే ఏఐ. పైగా అంతర్జాతీయ గిరాకీ పెరిగిందని కారణం కూడా అల్లింది. పలాసలో పప్పు బేరం చేసే ఎవరికి చూపించినా ఆ టన్నులు చూడగానే కాదనేస్తారు. ఏజెంటుకి ఆ అంచనా ఉండదు. చేతికిచ్చిన వరసలన్నీ కూడేసి చెప్పేస్తుంది.

మిగతావి కుదిరాయి. భారత్ కోడు 356 కాదు, కామ్‌ట్రేడ్‌లో 699. దాన్ని టూల్‌లోనే రాసేశాక ఖాళీ జవాబులు ఆగాయి. హెచ్ఎస్ కోడుని (సరుకుకి ఉండే అంతర్జాతీయ కోడు) స్ట్రింగ్‌గా, అంటే అంకెలా కాక అక్షరాల్లా, ఆరంకెలూ ఉంటేనే తీసుకునేలా పెట్టాక ముందు సున్నా ఊడిపోయి 80132 అయ్యే బాధ తీరింది. ఎండుమిర్చికి 2012 ముందరి 090420ని, తర్వాతి 090421, 090422లతో ఒకే పేరు కింద కట్టాను.

ఇక ఆ 2.00. మొదటి అనుమానం ఏప్రిల్-మార్చి లెక్కకీ జనవరి-డిసెంబర్ లెక్కకీ మధ్య తేడా. కానీ ఆ తేడా ఏడాదికో తీరుగా ఉంటుంది, ఇంత గుండుగా రాదు. రెండోది పౌండ్లు-కిలోలు. అదే అయితే 2.20 రావాలి, పైగా నెట్‌వెయిట్ గడిలో ఉన్నవి కిలోలే. మూడోది, పిక్కల కోడు 080131 కూడా కలిసిందేమోనని. మనది పిక్కలు దిగుమతి చేసుకునే దేశం, మన పిక్కల ఎగుమతి పప్పుతో సమానంగా ఉండే మాటే లేదు.

కామ్‌ట్రేడ్ పంపిన జేసన్ డేటా వరసలు విప్పితే దొరికింది. పార్ట్‌నర్‌కోడ్ (సరుకు వెళ్లిన దేశం) ఖాళీగా వదిలితే 784 (యూఏఈ), 392 (జపాన్) లాంటి దేశాల వరసలతో పాటు 0 కోడుతో ప్రపంచం మొత్తం కూడా ఒక వరసగా వస్తుంది. అన్నీ కూడితే రెండింతలు కాక ఏమవుతుంది? 0ని తీసేస్తే భారత్ లెక్క సరిపోయింది. కొన్ని దేశాలకి మాత్రం అప్పుడూ 2 దగ్గరే ఆగింది. అక్కడ రవాణా వారీ వరసలున్నాయి. మోట్‌కోడ్ 2100 ఓడ, 1000 విమానం, 0 అన్నీ కలిపి. అదే దోషం ఇంకో మెట్టు కింద. ఇప్పుడు "అన్నీ కలిపి" వరసలే వచ్చేలా మోట్‌కోడ్ 0, పార్ట్‌నర్2కోడ్ 0, కస్టమ్స్‌కోడ్ సీ00 మూడూ టూల్ లోపలే బిగించేశాను. ఏజెంటుకి వాటిని మార్చే వీలు లేదు.

ప్రాంప్టులో (ఏజెంటుకి రాసిచ్చే సూచనల్లో) "రెండుసార్లు కూడొద్దు" అని రాస్తే ఒకసారి వింటుంది, ఒకసారి వినదు. క్లాడ్ పెట్టుకున్నా, సొంత కంప్యూటర్‌లో ఓలమాతో క్వెన్ నడిపినా కూడిక పని ఏఐ మోడల్‌కి ఇవ్వకూడదన్నదే నా గట్టి అభిప్రాయం. టూల్‌లోని పైథాన్ ప్రోగ్రామే కూడి ఒక్క అంకె ఇవ్వాలి. దానికి ముందు దేశాల మొత్తాన్ని 0 వరసతో భాగిస్తున్నాను. 0.995-1.005 దాటితే అంకె బదులు ఎర్రర్ వాక్యం వెళుతుంది.

కామ్‌ట్రేడ్‌లో నమోదైతే ఇచ్చే కీ లేకుండా వాడే ప్రివ్యూ దారి 500 వరసల దగ్గర ఆగిపోతుంది. సరిగ్గా 500 వరసలొస్తే అది పూర్తి జవాబు అనుకోకూడదు, టూల్ ఆ మాట ఏజెంటుకి చెప్పాలి. ఉచిత కీ తీసుకోవడమే మేలు. మన వాణిజ్య శాఖ సైటు ట్రేడ్‌స్టాట్ మనిషి చూసుకోవడానికి బాగుంటుంది, ఎనిమిదంకెల కోడ్లూ దొరుకుతాయి (08013210 ముక్క, 08013220 గుండు). ఏజెంటుకి మాత్రం ఆ లెక్కల్ని దించి ఎస్క్యూలైట్ డేటాబేస్‌లో పోసి ఇవ్వడమే సుఖం. పప్పు సైజుని బట్టి ఉండే డబ్ల్యూ240, డబ్ల్యూ320 రకాల తేడా ఏ కోడులోనూ ఉండదు.

ఇక్కడ ఒడిశా గజపతి జిల్లాలో, పర్లాకిమిడిలో, అందరూ మొదట అడిగేది "మన గజపతి జీడి ఎంత బయటికి పోతోంది?" అని. ఆరంకెల కోడుకి తోట తెలియదు. ఈ కొండల పిక్కలు సరిహద్దు దాటి పలాస బట్టీలకి చేరాక, ఆఫ్రికా నుంచి ఓడలో దిగిన పిక్కల పప్పుతో కలిసి ఒకే కోడు కింద పోతాయి. అందుకే జిల్లా పేరు వినగానే "ఈ లెక్కలో జిల్లా లేదు" అనే జవాబు టూల్ నుంచే వచ్చేలా చేశాను. లేకపోతే ఏజెంటు రాష్ట్రం అంకెని విస్తీర్ణంతో భాగించి ఒకటి పుట్టిస్తోంది. దాన్ని నమ్మి ఎవరైనా 80 కిలోల బస్తా ధర మాట్లాడుకుంటే నష్టం రైతుకే.

ఇక ఆర్థిక సంవత్సరం. కామ్‌ట్రేడ్ ఒక్క పిలుపుకి 12 నెలలు ఒప్పుకుంటుంది కాబట్టి 202404 (2024 ఏప్రిల్) నుంచి 202503 దాకా ఒకేసారి లాగొచ్చు. ఏదైనా నెల ఇంకా నమోదు కాకపోతే దాన్ని సున్నాగా కూడకుండా ఆ నెల పేరు చెప్పించాలి. తర్వాత మన ఎగుమతిని యూఏఈ చూపే దిగుమతి పక్కన పెట్టాలి. మనది ఎఫ్ఓబీ (ఓడ ఎక్కేదాకా ధర), వాళ్లది సీఐఎఫ్ (రవాణా, బీమా కలిపిన ధర) కాబట్టి డాలర్లు కాకుండా కిలోలే పోల్చాలి, అంచనా వేసిన బరువులకి ఉండే గుర్తు కూడా చూడాలి. అది కుదిరితే తర్వాత పసుపు, కోడు 091030.