నా చావుకి పాటలు నేనే చెప్పి పోతా

మొన్న బాబాయిని ఇక్కడ చెన్నైలో బెసంట్ నగర్ దహనవాటికకి తీసుకెళ్లి వచ్చినప్పటి నుంచి ఒకటే ఆలోచన. పొద్దున ఆరింటి నుంచి స్పీకర్లో ఘంటసాల భగవద్గీత. మనవాళ్ల ఇంట్లో అది మోగిందంటే చాలు, వీధి చివరివాళ్లు కూడా "ఎవరు పోయారు?" అని వచ్చేస్తారు, పాపం ఆయన అందుకు పాడలేదు కదా! 1974లో ఆయన పోయింది కూడా ఈ ఊళ్లోనే. మా బాబాయికి మాత్రం క్రికెట్ కామెంటరీ తప్ప ఇంకేదీ చెవికెక్కేది కాదు. ఆయనకేం కావాలో ఎవరూ ఏనాడూ అడగలేదు, నాతో సహా.

దారిలో ఇంకో శవయాత్ర ఎదురైంది. పరై డప్పులు, రోడ్డంతా బంతిపూలు, కుర్రాళ్ల చిందులు. ఉత్తర చెన్నైలో అయితే చావింట్లో గానా పాటలు (అక్కడి వీధి పాటలు) కూడా పాడతారు, పోయినాయన గురించే పదాలు కట్టి. మావాళ్లు మొహం తిప్పుకున్నారు గానీ నాకు కాలు ఆడింది, నిజం.

అందుకే ఫోన్లో రాసిపెట్టుకున్నా. గీత వద్దు. నాదస్వరం కావాలి, మోహన రాగం, పెళ్లిలో వాయించినట్టే (అది శుభానికి వాయించేదిరా అని పిన్ని ఇప్పటికే తిట్టింది). కోయంబేడు మార్కెట్ నుంచి మల్లెలు, నాకు బంతిపూల వాసన పడదు. ఇంట్లో పొయ్యి వెలిగించకూడదంటారు కాబట్టి వచ్చినవాళ్లకి హోటల్ నుంచి ఫిల్టర్ కాఫీ.

మా ఆవిడ సగం చదివి ఫోన్ విసిరికొట్టింది. అమ్మాయి మాత్రం నిదానంగా, "నాన్నా, స్పీకర్ బ్లూటూత్‌దా, వైరుదా?" అంది.

అది ఇంకా తేల్చలేదు.