ఒక్క ‘ముగించుకొని’ దగ్గర ఏడాది పోయింది

ఫ్రెండ్స్, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష సీజీఎల్ ఫైనల్ లిస్ట్‌లో నా నంబర్ ఉంది. మూడుసార్లు సరిచూసుకున్నాకే నాన్నకి ఫోన్ చేశాను. మ్యాథ్స్, రీజనింగ్ గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. పోయినసారి నన్ను ముంచింది ఇంగ్లిష్ కాబట్టి దాని గురించే రాస్తాను.

అప్పుడు టైర్-2 (రెండో దశ) ఇంగ్లిష్‌లో 45 ప్రశ్నలకి 41 పెట్టాను. 19 తప్పు. మైనస్‌లు పోగా 135 మార్కులకి 47 మిగిలాయి. ‘తెలుగు మీడియం కదరా, అంతే వస్తుంది’ అన్నాడు చెన్నై ట్రిప్లికేన్‌లో బ్యాచిలర్లు అద్దెకుండే మ్యాన్షన్‌లో నా రూమ్మేట్. చదవక పోయిన మార్కులు కావు అవి. గ్రామర్ పుస్తకం రెండుసార్లు పూర్తిచేశాను.

అసలు తప్పెక్కడో కొట్టూర్‌పురం అన్నా సెంటినరీ లైబ్రరీ మెట్ల మీద తెలిసింది. టెన్త్ చదివే చెల్లెలు ఫోన్ చేసి, ‘అన్నయ్యా, పని ముగించుకొని ఇంటికి వెళ్లాడు, ఇది ఏ వాక్యం?’ అంది. సంక్లిష్టం అని టక్కున చెప్పేశాను. లోపలికెళ్లి కూర్చుంటే ముందు రోజు ప్రాక్టీస్ పేపర్ ఎదురుగా ఉంది. ‘హావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, హీ వెంట్ హోమ్’ అన్నదానికి కాంప్లెక్స్, అంటే సంక్లిష్టం, అని రాసి తప్పు కొట్టించుకున్నాను. అదే వాక్యం!

మన తెలుగులో ‘ముగించుకొని’ లాంటి ఒక అసమాపక క్రియ చేరితే చాలు, వాక్యం సంక్లిష్టమైపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. సబ్జెక్టు, టెన్స్ ఉన్న క్రియతో ఇంకో క్లాజు (ఉపవాక్యం) ఏర్పడాలి. ‘హావింగ్ ఫినిష్డ్’కి అవి లేవు, కనుక అది సింపుల్. ‘ఆఫ్టర్ హీ హాడ్ ఫినిష్డ్’ అంటే కాంప్లెక్స్. మధ్యలో ‘అండ్’ పెట్టి రెండు పూర్తి వాక్యాలు కలిపితే కాంపౌండ్.

సెంటెన్స్ పేరు పరీక్షలో నేరుగా అడగరు కదా అంటారేమో. వాక్యంలో తప్పు పట్టమనే ఎర్రర్ స్పాటింగ్ నిండా ఇదే. ‘వానరోజు కావడంతో మేం ఇంట్లోనే ఉన్నాం’ అనేది తెలుగులో చక్కని మాట. దాన్నే ‘బీయింగ్ ఎ రైనీ డే, వుయ్ స్టేయ్డ్ ఎట్ హోమ్’ అంటే మనమే వానరోజు అయిపోతాం! ముందు ‘ఇట్’ పడాలి. ‘వాన వస్తే’లో కాలం ఉండదు, అందుకే ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ అనాల్సింది ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అనేస్తాం. ‘దో’తో మొదలైన వాక్యంలో మళ్లీ ‘బట్’ పెట్టకూడదన్న సంగతి మీకు తెలిసిందే.

ఆ తర్వాత రోజూ పేపర్లోంచి పది వాక్యాలు తీసి, ఫైనైట్ క్రియల (సబ్జెక్టు, టెన్స్ ఉన్నవాటి) కింద గీతలు కొట్టేవాణ్ణి. సంక్రాంతికి కూడా ఊరెళ్లలేదు.

ఈసారి 43 పెట్టాను, తప్పులు 5, స్కోరు 109. ఆ ఐదింట్లో ఒకటి మళ్లీ ‘బీయింగ్’ ప్రశ్నే.