మాంటిచెల్లో నుంచి ఫిలడెల్ఫియా దాకా: వీరు ఏ పార్టీ వారు?

ఉత్తర వర్జీనియాలో ఉంటున్న మా అన్నయ్య కొడుకు ఇంటికి వెళ్లినప్పుడు, జలపాతాలూ ఆకాశహర్మ్యాలూ తర్వాత చూద్దామని చెప్పి నేను ముందుగా అడిగినవి రెండే: స్వాతంత్ర్య ప్రకటన రాసిన, తర్వాత అధ్యక్షుడైన జెఫర్సన్ నివసించిన మాంటిచెల్లో, రాజ్యాంగం రూపుదిద్దుకున్న ఫిలడెల్ఫియా. అమెరికాను స్థాపించిన నాయకులు ఇవాళ ఉంటే డెమోక్రాట్లలో ఉండేవారా, రిపబ్లికన్లలో ఉండేవారా అని, కారు మాంటిచెల్లో దగ్గరి షార్లట్స్‌విల్ దారి పట్టేసరికే మావాడు వాదన మొదలుపెట్టాడు. "జెఫర్సన్ ఇవాళ ఉంటే రిపబ్లికన్ పార్టీలోనే ఉండేవాడు బాబాయ్, కేంద్రానికి అధికారాలు తక్కువ ఉండాలన్నాడు కదా" అన్నాడు. డెమోక్రాట్లు చాలా ఏళ్లపాటు తమ విరాళాల విందులను జెఫర్సన్, తర్వాతి కాలపు అధ్యక్షుడు జాక్సన్ పేర్ల మీదే జరుపుకున్నారని నేను గుర్తుచేశాను. అదిగో, అక్కడ మొదలైన తగవు ప్రయాణం పొడవునా సాగింది.

మాంటిచెల్లో ముందరి హాలు చిన్న మ్యూజియంలా ఉంటుంది. గోడల నిండా దేశపటాలు, జింక కొమ్ములు. తలుపు పైన జెఫర్సన్ చేయించుకున్న పెద్ద గడియారం ఉంది. దాని ఇనుప గుండ్లు గోడ వెంబడి రోజుకింత చొప్పున కిందికి దిగుతూ వారాన్ని చూపిస్తాయి. గోడ ఎత్తు సరిపోక నేలకు రంధ్రం చేసి, శనివారం గుర్తును కింది నేలమాళిగలో పెట్టారు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది మాత్రం రెండు విగ్రహాలు: ఒకటి జెఫర్సన్‌ది, ఎదురుగా ఆయన జీవితాంతం వ్యతిరేకించిన, దేశపు మొదటి ఆర్థిక మంత్రి హామిల్టన్‌ది. ప్రత్యర్థి తలను తన ఇంటి గుమ్మంలోనే పెట్టుకున్న నాయకుణ్ణి ఇప్పటి పార్టీల్లో వెతకడం కష్టమే.

మావాడి మాటలో నిజం లేకపోలేదు. కేంద్రం హద్దు మీరి చేసిన చట్టాన్ని రాష్ట్రం చెల్లదనవచ్చని 1798లో కెంటకీ తీర్మానాలను పేరు బయటపెట్టకుండా రాసినది జెఫర్సనే. అయితే ఆయనే అధ్యక్షుడై 1803లో కోటిన్నర డాలర్లకు లూయిజియానాను ఫ్రాన్సు నుంచి కొన్నాడు. అలా కొనే అధికారం రాజ్యాంగంలో స్పష్టంగా లేదని తానే అనుకుని, సవరణకు ముసాయిదాలు కూడా రాసుకుని, చివరికి సవరణ లేకుండానే పని కానిచ్చాడు. 1807లో విదేశీ వ్యాపారాన్నే నిషేధించి, దాన్ని అమలు చేయడానికి కేంద్ర యంత్రాంగాన్ని రేవులపైకి పంపాడు. దానితో దెబ్బతిన్న న్యూ ఇంగ్లండ్ (ఈశాన్య రాష్ట్రాల) ఫెడరలిస్టులు, అంటే హామిల్టన్ పక్షం వారు, అంతవరకూ బలమైన కేంద్రం కావాలన్నవారు, 1814లో హార్ట్‌ఫర్డ్‌లో సమావేశమై రాష్ట్రాల హక్కుల గురించి మాట్లాడారు. సిద్ధాంతాన్ని బట్టి వీరిని నేటి పార్టీల్లో సర్దాలనుకుంటే, ఏ సంవత్సరపు సిద్ధాంతాన్ని తీసుకోవాలో ముందు తేల్చుకోవాలి. ఇక ఆ ఇంటి పక్కనే, బానిసలు ఉంటూ పనిచేసిన మల్బరీ రో దారిలో నడిస్తే, జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్న ఆయనను ఏ పార్టీ అభ్యర్థిగా నిలబెట్టగలదన్న ప్రశ్న ఎదురవుతుంది. అక్కడ మావాడు కూడా వాదించలేదు.

ఫిలడెల్ఫియాలో, రాజ్యాంగం రాసిన ఇండిపెండెన్స్ హాలు దగ్గర రద్దీ సహజం. దాని పక్కనున్న కాంగ్రెస్ హాలును చాలామంది తొందరగా దాటేస్తారు గాని, మా తగవుకు సంబంధించిన సరుకంతా అక్కడే ఉంది. 1790 నుంచి 1800 వరకు అమెరికన్ కాంగ్రెస్, అంటే అక్కడి చట్టసభ, సమావేశమైనది ఆ ఇటుక భవనంలోనే. 1798 ఫిబ్రవరిలో రోజర్ గ్రిస్‌వోల్డ్ అనే ఫెడరలిస్టు సభ్యుడు చేతికర్రతోనూ, జెఫర్సన్ పక్షపు మాథ్యూ లయన్ పొయ్యి దగ్గరి పట్టకారుతోనూ సభలోనే కొట్టుకున్నారు. పార్టీ తత్వం దేశానికి చేటని వాషింగ్టన్ వీడ్కోలు సందేశంలో హెచ్చరించి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ఏ పార్టీలోనూ చేరని అధ్యక్షుడు ఆయనొక్కడే గనుక, ఆయన విషయంలో మా ప్రశ్నకు సమాధానం ఆయనే ఇచ్చివెళ్లాడు.

ఆ ఏడాదే ఫెడరలిస్టులు పౌరసత్వానికి కావలసిన నివాసకాలాన్ని 5 నుంచి 14 ఏళ్లకు పెంచారు. కొత్తగా వచ్చిన ఐరిష్ వారు ఎదుటి పక్షానికి ఓటేస్తారన్న భయం అందులో ఉంది. జెఫర్సన్ హయాంలో 1802లో మళ్లీ 5 ఏళ్లకు తగ్గించారు. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్లుగా నిలబడ్డ మావాడికి ఇది వినగానే హుషారు వచ్చింది. "అయితే జెఫర్సన్ డెమోక్రాటే!" అన్నాడు, పొద్దున చెప్పినదానికి పూర్తిగా విరుద్ధంగా. రెండు చట్టాలూ స్వేచ్ఛ గల తెల్లవారికే పౌరసత్వం అన్న 1790 నాటి నియమాన్ని కదపలేదనీ, భారతీయులకు ఆ అర్హత 1946లో గాని రాలేదనీ చెప్పాక ఆ హుషారు కొంత తగ్గింది.

థర్డ్ స్ట్రీట్‌లో హామిల్టన్ పట్టుబట్టి పెట్టించిన మొదటి జాతీయ బ్యాంకు భవనాన్ని బయటి నుంచే చూశాము. దిగుమతి సుంకాలు, పరిశ్రమలకు ప్రభుత్వ సాయం, కేంద్ర బ్యాంకు, జాతీయ రుణం, వీటితోపాటు సత్ప్రవర్తన ఉన్నంతకాలం పదవిలో ఉండే అధ్యక్షుడు: ఈ మూటలో కొన్ని ఒక పార్టీకీ, కొన్ని రెండో పార్టీకీ నచ్చుతాయి, చివరిదాన్ని బహిరంగంగా ఎవరూ ముట్టుకోరు. నా అంచనాలో ఇవాళ ఎక్కడైనా నెగ్గుకురాగలవాడు హామిల్టనే, అదీ అభ్యర్థిగా కాదు, ఎవరో ఒకరి ఆర్థిక మంత్రిగా.

చివరికి, దేశ స్థాపకుల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ సమాధి చూడటానికి క్రైస్ట్ చర్చి శ్మశానానికి వెళ్లాము. చదునైన రాతి పలక మీద సందర్శకులు విసిరిన రాగి సెంట్లు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఈయన మాత్రం తమ డెమోక్రాట్ల మనిషేనని మావాడి పట్టు. 1751లో పెన్సిల్వేనియాకు వచ్చిపడుతున్న జర్మన్లు మనలో కలవకపోగా మనల్నే జర్మన్లుగా మార్చేస్తారని రాసినది ఈ ఫ్రాంక్లినే. అంతకు దాదాపు ఇరవై ఏళ్ల ముందు ఆ జర్మన్ల కోసమే పత్రిక అచ్చువేసినదీ ఈయనే. ఒకప్పుడు ఇంట్లో బానిసలను ఉంచుకున్న ఆ మనిషి, 1790లో చనిపోవడానికి రెండు నెలల ముందు, బానిసత్వాన్ని రద్దు చేయాలని కోరుతూ కాంగ్రెస్‌కు వెళ్లిన వినతిపత్రం మీద సంతకం చేశాడు. వీరిలో ఏ ఫ్రాంక్లిన్ మీవాడని అడిగాను. "1790 నాటి ఆయన" అన్నాడు వెంటనే. 1751 నాటి ఆయన కోసం రెండో పార్టీ వాళ్లు సిద్ధంగా ఉంటారని చెప్పి, కారు తాళం వాడి చేతికిచ్చాను.