రిజిస్ట్రేషన్ అయ్యాక బయటపడిన చెమ్మ

పాత ఫ్లాటు కొనేటప్పుడు ఆస్తి మీది లావాదేవీలు చూపే ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తాం, లోను కోసం బ్యాంకు పంపిన వాల్యుయర్ వచ్చి కొలతలు తీసుకుని వెళతాడు. ఈ కాగితాలన్నీ ఇంటి మీద హక్కు ఎవరిదో, అప్పులేమైనా ఉన్నాయో చెబుతాయి గాని, స్లాబులో నీళ్లు దిగుతున్నాయా లేదా అన్నది వాటిలో ఒక్కటీ చెప్పదు. హైదరాబాదులో మేము కొన్న ఫ్లాటును మే నెల ఎండల్లో చూశాము. గోడలకు కొత్తగా పుట్టీ పెట్టి రంగులు వేశారు, బాత్రూముకూ దాని ముందున్న నడవకూ కొత్త ఫాల్స్ సీలింగు కట్టించారు. గృహప్రవేశమయ్యాక, శ్రావణమాసంలో ఆ సీలింగు మూలన పసుపు మరక కనిపించింది. పక్క గోడ మీద రంగు బుడగలుగా లేచి, దాని కింద తెల్లటి ఉప్పు పూత పేరుకుంది.

వానల వల్లనే అని అందరూ అన్నారు. కానీ వారాల తరబడి వాన లేకపోయినా మరక పెరుగుతూనే ఉండటంతో మా అనుమానం పై అంతస్తు బాత్రూము మీదికి మళ్లింది. ఫాల్స్ సీలింగులో ఒక పలక విప్పించి చూస్తే స్లాబు పెచ్చులూడి, తుప్పు పట్టిన ఇనుము బయటికి కనబడుతోంది. దాని పక్కనే ఎవరో ఎప్పుడో సిమెంటుతో పూసిన పాత అతుకు కూడా ఉంది. నిజానికి ఆ పెచ్చుల కన్నా అతుకే ముఖ్యమైనది, ఎందుకంటే ఈ లోపం మాకన్నా ముందు ఎవరికో తెలుసునని చెప్పే సాక్ష్యం అది. ఇలాంటి సమయంలో మేస్త్రీని పిలిచి వెంటనే పూయించేయాలని అనిపించడం సహజమే గాని, ఆ పూతతో పాటు సాక్ష్యమూ కప్పబడిపోతుంది. అందుకని తేదీలతో ఫోటోలు, వీడియోలు తీసి, స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రాతపూర్వకంగా నివేదిక తీసుకున్నాము. పైవారిని ఒప్పించి వారి బాత్రూములో నీళ్లు పోయే దారి మూసి, రంగు కలిపిన నీటిని ఒక రోజు పైగా నిలబెట్టి చూస్తే, అదే రంగు మా స్లాబు అడుగున దిగింది.

ఇక బాధ్యత ఎవరిది? ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో వారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని ఆ సెక్షనే మోసంగా పరిగణిస్తుంది. అయితే వేరే ఒప్పందం లేనప్పుడే ఈ నియమం వర్తిస్తుంది కాబట్టి, సేల్ డీడులో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న అర్థం వచ్చే మాటలేమైనా ఉన్నాయేమో ముందు చదువుకోవాలి. మోసం ఆధారంగా దావా వేసేటప్పుడు కాలపరిమితి ఆ మోసం బయటపడిన నాటి నుంచి లెక్కకు వస్తుంది. స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా పరిధిలోని ప్రాజెక్టయితే దారి ఇంకా సులువు: 2016 నాటి ఆ చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం చూపిస్తే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. మొదటి కొనుగోలుదారు దగ్గర మారుబేరంలో కొన్నవారు కూడా ఆ చట్టం దృష్టిలో అలాటీలే, అంటే బిల్డరు నుంచి ఇల్లు పొందినవారితో సమానమే, ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. మా భవనానికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

కాబట్టి అమ్మినవారికి లోపం ముందే తెలుసునని నిరూపించడమొక్కటే మిగిలింది. సీలింగు కొత్తగా కట్టించడం అనుమానానికి పనికివస్తుంది గాని రుజువు కాదు, అందం కోసం కట్టించామని వారనవచ్చు. మాకు అక్కరకు వచ్చింది అపార్టుమెంటు అసోసియేషన్ వారి ఫిర్యాదుల పుస్తకం. పైనుంచి నీళ్లు కారుతున్నాయని మాకు అమ్మినాయనే స్వయంగా రాసిన ఫిర్యాదు అందులో ఉంది, కింద ఆయన సంతకమూ ఉంది. ఆ పేజీ నకలు, ఇంజనీరు నివేదిక జతచేసి లాయరు ద్వారా నోటీసు పంపాము. మొదట తనకేమీ తెలియదని జవాబిచ్చినాయన, తన చేతిరాత చూశాక అసోసియేషన్ పెద్దల ముందు మాట్లాడటానికి ఒప్పుకున్నారు.

కోర్టుకు వెళితే గెలిచేవాళ్లమేమో గాని, అన్నాళ్లూ తుప్పు ఆగదు కదా. పైవారు తమ బాత్రూము నేల తవ్వించి వాటర్‌ప్రూఫింగు మళ్లీ చేయించుకోవాలనీ, మా స్లాబు మరమ్మతుకయ్యే ఖర్చు అమ్మినాయన భరించాలనీ, రంగులు మేము చూసుకోవాలనీ రాసుకున్నాము. పైన కారడం ఆగి, స్లాబు పూర్తిగా ఆరాకనే మా వైపు పని మొదలుపెట్టమని ఇంజనీరు గట్టిగా చెప్పారు. ఆ తరువాత ఇనుముకు పట్టిన తుప్పు గీకించి, మళ్లీ పట్టకుండా పూత వేయించి, పాలిమర్ మోర్టారుతో పెచ్చులు పూడ్పించాము. ఆ బిల్లు మొత్తం అమ్మినాయన రెండు విడతల్లో చెల్లించారు.